182 ఏళ్ల పెండింగ్ ఫైలు

ఆఫీసుల్లో పనులు ఆలస్యమవుతున్నాయని గోల పెట్టేవారు డార్వినిలస్ సెడారిసి అనే పురుగు చరిత్ర ఒకసారి శ్రద్ధగా చదవాలని మనవి. 1832లో అర్జెంటీనాలోని బహియా బ్లాంకా దగ్గర చార్లెస్ డార్విన్ దాన్ని పట్టుకున్నారు. అది కొత్త జాతి అన్న ధ్రువీకరణ 2014లో వచ్చింది. ఇన్నేళ్లలో ఆ పురుగు ఒక్క అర్జీ పెట్టలేదు, ధర్నాకు కూర్చోలేదు, ఎమ్మెల్యేతో ఫోన్ చేయించలేదు. గుండుసూదికి గుచ్చి ఉండటం ఈ ఓపికకు కొంత తోడ్పడి ఉండవచ్చు.

పోనీ సిఫారసు లేదా అంటే, డార్విన్‌ని మించిన సిఫారసు ఎవరిది? కుర్రతనంలో రెండు చేతుల్లో రెండు పురుగులుండగా మూడోది కనబడితే, చేతిలోదాన్ని నోట్లో పడేసుకున్న మనిషి ఆయన. (అది ఘాటుగా ఏదో చిమ్మింది. ఉమ్మేయక తప్పలేదు. మూడోదీ దక్కలేదు.) అంతటివాడు పంపిన కేసైనా అంగుళం కదల్లేదంటే ఆ వ్యవస్థ నిష్పాక్షికతకు దండం పెట్టాలి. పైగా మధ్యలో నమూనా కనబడకుండా పోయింది. ఫైలన్నాక ఒకసారి పోవాలి, అప్పుడే దానికి బరువు.

దీని బంధువర్గం మనకు తెలియనిది కాదు. వానాకాలంలో లైటు చుట్టూ చేరి, మెడ మీద వాలినప్పుడు నలిపేస్తే బొబ్బలు తేల్చే నలుపు, నారింజ రంగుల పురుగు ఈ రోవ్ బీటిల్ కుటుంబానిదే. ఇందులో 60 వేలకు పైగా జాతులున్నాయి. పై రెక్కలు పొట్టివి కావడంతో, చిన్నప్పటి చొక్కా తొడుక్కున్నట్టు పొట్ట బయటే ఉంటుంది. ఇంత పెద్ద కుటుంబంలో ఒకరి కాగితం ఆలస్యమైతే అల్లరెందుకు?

చివరికి అమెరికాలోని టెనెసీ రాష్ట్రం, చాటనూగా విశ్వవిద్యాలయంలో పనిచేసే కీటక శాస్త్రవేత్త స్టిలియానోస్ చాట్జిమనోలిస్ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నుంచి పురుగులు అరువు తెప్పించుకున్నారు. వాటి మధ్య ఇది బయటపడింది. తల మీద ఆకుపచ్చా నీలమూ కలిసిన మెరుపు, రంపపు పళ్లలాంటి మీసాలు. ఇంత అలంకరణతో కూర్చున్నా ఇన్నేళ్లు ఎవరి కంటా పడలేదు. డార్విన్ పుట్టినరోజైన ఫిబ్రవరి 12న వ్యాసం అచ్చయింది. పేరులో మొదటి సగం డార్విన్‌ది. రెండో సగం డేవిడ్ సెడారిస్ అనే హాస్య రచయితది. ఆయన ఆ పురుగును పట్టలేదు, వెతకలేదు. శాస్త్రవేత్త నమూనాలు సిద్ధం చేస్తుంటే ఆయన ఆడియో పుస్తకాలు మోగుతూ ఉండేవట, అంతే. ఫైలు తెరిచినప్పుడు గదిలో ఎవరి గొంతు వినబడుతోందో చాలా ముఖ్యమని అనుభవజ్ఞులు ఊరికే అనరు.

ఒక్క నమూనాతో పని జరిగిందనుకునేరు. రెండో సాక్షి కూడా ఉంది. 1935కి ముందు అదే దేశంలోని రియో క్వార్తో దగ్గర దొరికి, బెర్లిన్ మ్యూజియంలో నోరు మెదపకుండా కూర్చుంది.

ఆ తర్వాత ఇది దొరికిన దాఖలా లేదు. అక్కడి నేల చాలావరకు పొలాలైపోయింది. కొత్తగా పేరు పెట్టిన జాతి ఇప్పటికే అంతరించి ఉండకూడదని పేరు పెట్టిన వ్యాసంలోనే ఆశపడ్డారు. కాబట్టి పత్రం సిద్ధంగా ఉంది, సంతకాలూ అయ్యాయి. దరఖాస్తుదారు స్వయంగా హాజరై తీసుకోవడమే తరువాయి.