గేటు దగ్గర లైసెన్సు, మంచం దగ్గర లేదు

అపార్టుమెంటు గేటు వద్ద కాపలాదారును పెట్టే ఏజెన్సీకి 2005 నాటి కేంద్ర చట్టం కింద లైసెన్సు ఉండాలి. గార్డు పూర్వాపరాలు విచారించాలి, శిక్షణ ఇప్పించాలి. అదే భవనంలో పక్షవాతంతో మంచాన పడ్డ పెద్దాయనకు ముక్కులోని గొట్టం గుండా ఆహారం పోసే మనిషిని పంపే ఏజెన్సీకి ఒక ఫోన్ నంబరు, వాట్సాప్ ఖాతా ఉంటే చాలు! ఆస్పత్రులు, క్లినిక్‌లు, ల్యాబ్‌ల నమోదుకు తెలంగాణలో 2010 నాటి కేంద్ర చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి రాష్ట్ర చట్టం ఉన్నాయి. అవి ఆస్పత్రి గడప దాటి రోగి ఇంటిదాకా రావడం లేదు.

తెల్ల కోటు వేసుకొచ్చిన వారినల్లా నర్సు అనుకోవడంతోనే తిప్పలు మొదలు. నర్సింగ్ కౌన్సిల్‌లో పేరున్నవారే నర్సు, మిగతావారు సహాయకులు. స్నానం, బట్టలు, నడిపించడం సహాయకుల పని. కానీ నర్సుకు ఇవ్వాల్సిన జీతం మిగుల్చుకోవడానికి ఇంజక్షన్లూ వారి చేతికే వస్తున్నాయి. ఇన్సులిన్‌నే చూడండి. మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాకు ఎర్రమూత సిరంజి, 100 యూనిట్ల దానికి నారింజమూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల మందును ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా, అంటే అర మిల్లీలీటరు, లాగితే ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. ఇక షుగర్ పడిపోయి స్పృహ తప్పినా, ముసలాయన నిద్రపోతున్నాడనే అనుకుంటారు.

గొట్టంతో ఆహారం పెట్టడమూ అంతే. ముందు గొట్టంపై ముక్కు దగ్గరుండే గుర్తు కదిలిందేమో చూడాలి, తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తాలి, 200 మిల్లీలీటర్లను సిరంజి పిస్టన్‌తో నెట్టకుండా పావుగంటకు పైగా నిదానంగా దిగనివ్వాలి. తర్వాత కాసిన్ని నీళ్లు పోయాలి, కనీసం అరగంట వెల్లకిలా పడుకోబెట్టకూడదు. తొందరపడితే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. అమెరికాలోని పిల్లలు సీసీ కెమెరాలో చూసుకుని ధైర్యపడుతుంటారు. సహాయకురాలు ఫోన్ చూస్తోందా లేదా అన్నదే కెమెరాకు తెలుస్తుంది, గొట్టం జారిందా లేదా అన్నది కాదు.

తప్పంతా ఆమెదేనా? కదల్లేని రోగిని దాదాపు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేదంటే నడుము కింద, మడమల వద్ద పుండ్లు పడతాయి. ఎయిర్ బెడ్ వేసినా తిప్పక తప్పదు. ‘24 గంటల డ్యూటీ’ అని ఒక్కరినే పంపితే రాత్రి ఎవరు లేస్తారు? ఆ ఒప్పందం రాసుకున్నప్పుడే పుండుకు చోటిచ్చినట్లు. ఇంటివాళ్లు కట్టే డబ్బులో ఏజెన్సీ వాటా పోను ఆమె చేతికి ఎంత వస్తుందో కూడా రసీదులో ఉండదు.

వృద్ధుల సంక్షేమ చట్టానికి 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు ఇంటివద్ద సేవలందించే సంస్థల నమోదు, కనీస ప్రమాణాలను ప్రతిపాదించింది. ఆ సభ రద్దుతో అదీ మురిగిపోయింది. దిల్లీ కోసం ఎదురుచూడకుండా రెండు తెలుగు రాష్ట్రాలూ ఏజెన్సీల నమోదును తప్పనిసరి చేయాలి. నర్సు పనేది, సహాయకుల పనేది ఒప్పందంలో విడివిడిగా రాయించాలి. రాత్రి షిఫ్టుకు రెండో మనిషి ఉండాలి. ఏ పూట ఎంత మందు, ఎప్పుడు తిప్పారు, మూత్రం ఎంత వచ్చిందన్నది రాసే పుస్తకం మంచం పక్కనే ఉండాలి. ఏజెన్సీ నర్సు వారానికోసారైనా వచ్చి ఆ పుస్తకం చూసి, రోగి వీపు, మడమలు స్వయంగా పరీక్షించి సంతకం చేయాలి.