తీర్మానాల పుస్తకం: ఒక సాహిత్య పరిశీలన

తెలుగు వచనం చచ్చిపోతోందని దిగులు పడేవాళ్లు ఏదైనా పల్లెటూరి ప్రాథమిక పాఠశాలకు వెళ్లి, బీరువా పై అరలో అడ్మిషన్ రిజిస్టరు కింద నలుగుతున్న పొడుగాటి నోటుపుస్తకం ఒకటి అడిగి చూడాలి. అట్ట మీద స్కెచ్ పెన్నుతో 'పాఠశాల యాజమాన్య కమిటీ – తీర్మానముల పుస్తకము' అని రాసి ఉంటుంది. జరగని సమావేశంలో, రాని సభ్యులు, ఎవరూ అనని మాటలను కూలంకషంగా చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించే ఇంతటి సాహసం మన నవలాకారులు కూడా చేయలేదు. విమర్శకులు ఈ ప్రక్రియను ఇంతకాలం పట్టించుకోకపోవడం అన్యాయం. ఆ లోటు కొంతైనా తీర్చడానికే ఈ పరిశీలన.

ముందు శైలి. ఈ గ్రంథంలో క్రియాపదం ఒకటే: 'డమైనది'. చర్చించడమైనది, తీర్మానించడమైనది, కొనుగోలు చేయడమైనది, పంపిణీ చేయడమైనది. కర్త ఎక్కడా కనపడడు. చీపుర్లు కొనడమైనది, ఎవరు కొన్నారో తెలియదు. ప్రహరీ గోడకు సున్నం వేయించడమైనది. గోడ ఎక్కడుందో తెలియదు. కర్త లేని వాక్యం రాయగలిగితే బాధ్యత లేని పాలన చేయవచ్చునన్న రహస్యాన్ని మన విద్యాశాఖ వ్యాకరణవేత్తలకంటే ముందే కనిపెట్టింది.

తర్వాత రచనా విధానం. మామూలు రచయితలు ముందు రాసి చివర సంతకం పెడతారు. ఇక్కడ సంతకాలు ముందు, రచన తరువాత. పేజీ పైన 'తేది:' అని రాసి చుక్కలు పెట్టి, మధ్యలో ఓ పదహారు గీతలు వదిలి, కింద సభ్యుల పేర్లు వరసగా వేసి, పుస్తకాన్నీ ఇంకు ప్యాడునూ ఐదో తరగతి పిల్లాడి చేతికిస్తారు. ప్రాథమిక బడికి అటెండరు పోస్టు ఉండదు కనుక ప్రజాస్వామ్యాన్ని మోసే భారం ఆ పిల్లాడిదే. పత్తి చేనుకు బయల్దేరిన తల్లి గడప దగ్గర ఎదురైతే "సారు ఏలు ముద్ర ఎయ్యమన్నడే" అంటాడు. "ఎందుకురా?" అంటే "ఏమో, మీటింగట." ఆమె ముద్ర వేసి కొంగుకు వేలు తుడుచుకుని ఆటో ఎక్కుతుంది. కోరం కుదిరింది.

పదహారు గీతల లెక్క అనుభవం మీద వస్తుంది. విషయం తక్కువైతే అక్షరాలు పెద్దవై 'ఇతర అంశములు అధ్యక్షుల వారి అనుమతితో' అని సాగుతాయి. ఎక్కువైతే చీమలబారులా చిన్నవై సంతకాల నెత్తికెక్కుతాయి. ఆడిట్ చేసేవాళ్లకు ఇది కనపడదా అంటే, వాళ్లు చూసేది సంతకాలున్నాయా లేవా అని. పేజీలో ఇంకు రెండు రంగుల్లో ఎందుకుందన్నది సాహిత్య విమర్శకుల పని, వాళ్లది కాదు.

ఈ మహాగ్రంథానికి మూలం 2009 నాటి విద్యాహక్కు చట్టం, 21వ సెక్షన్. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి, బడి పనితీరు చూడాలి, వచ్చిన డబ్బు ఎటు పోయిందో కనిపెట్టాలి అన్నారు చట్టం రాసినవాళ్లు, పాపం. మన రెండు రాష్ట్రాల నిబంధనల్లో తరగతికి ముగ్గురు చొప్పున పదిహేను మంది తల్లిదండ్రులను ఎన్నుకోవాలి, ఆ తరగతి తల్లిదండ్రుల్లో సగం మంది హాజరు కావాలి. ఈ ఎన్నిక ఎలా జరుగుతుందంటే, ముందు రోజు రాత్రే ఊళ్లో ఏదో అరుగు మీద అయిపోతుంది. తెల్లారి బడిలో జరిగేది దాని పుస్తకావిష్కరణ. చైర్మన్ అవ్వాల్సినాయనకు ఆ బడిలో పిల్లాడు ఉండాలి కనుక ఓ పిల్లాడు ఉంటాడు. జూన్ వచ్చేసరికి ఆ పిల్లాడు పసుపుపచ్చ వ్యాను ఎక్కి మండల కేంద్రంలో ప్రైవేటు బడికి పోతాడు. తండ్రి మాత్రం ప్రభుత్వ బడి అభివృద్ధికి కట్టుబడి పుస్తకంలోనే ఉంటాడు. మహిళా చైర్‌పర్సన్ అయితే ఇంకా సులువు. ఆమె పేరున్న చోట భర్తగారు పెట్టే సంతకం అచ్చు ఆమె సంతకంలాగే ఉంటుంది, ఎందుకంటే ఆమె సంతకం ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు.

ఇది చాలదని 2024లో తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య నుంచి అధ్యక్షురాలు, హెడ్మాస్టరు కన్వీనరు. ఉద్దేశం మంచిదే, పొదుపు సంఘం పుస్తకం రాసిన ఆడవాళ్లను లెక్కల్లో మోసం చేయడం కష్టం. అందుకే కాబోలు, పెద్ద మార్పేమీ రానివ్వకుండా బీరువాలోకి మరో పొడుగాటి నోటుపుస్తకం తెచ్చారు. ఆంధ్రలో 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టారు. బడిలో సమావేశం నిజంగానే జరగడం ఎంత అరుదో, దాన్ని పండగలా చేసిన తీరులోనే తెలిసింది.

ఇక కథానాయకుడు. 'స్థానిక బడుల్లో నాయకత్వ లోపం' అని మేధావులు వాపోతుంటారు. లోపం కాదు, శాసనం. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం అరవై మంది దాకా ఇద్దరు టీచర్లు. పిల్లలు 150 దాటితే గానీ ప్రధానోపాధ్యాయుడు అక్కర్లేదు. అంటే మన పల్లె బడుల్లో ఎక్కువ భాగానికి చట్టరీత్యానే తల లేదు. అందుకని ఉన్న ఇద్దరిలో సీనియర్ ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు) మెడలో ఇన్‌ఛార్జి బాధ్యత వేస్తారు. తాళాల గుత్తి అదనం, జీతం అదనం కాదు. కొన్ని బడుల్లో మాత్రం ఎల్‌ఎఫ్‌ఎల్ హెడ్మాస్టరు అని అసలైన పోస్టు ఉంటుంది. ఎల్‌ఎఫ్‌ఎల్ అంటే లో ఫీమేల్ లిటరసీ. స్త్రీల అక్షరాస్యత తక్కువగా ఉన్న చోట్ల పెట్టిన పోస్టు గనుక ఆ పేరు. ఏళ్లు గడిచాయి, ఆ ఊరి ఆడపిల్లలు చదువుకుని ఉద్యోగాలకూ వెళ్లారు, పేరు మాత్రం మారలేదు. ప్రతి నెలా ఓ మగ హెడ్మాస్టరు 'లో ఫీమేల్ లిటరసీ' అని ముద్ర వేసి బిల్లు పెడుతూనే ఉన్నాడు.

ఆ ఇన్‌ఛార్జిగారి దినచర్యకు సరైన పేరు మన సంప్రదాయంలో ఉంది. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిషు, లెక్కలు. మూడు, నాలుగు, ఐదుకు వాటితోపాటు పరిసరాల విజ్ఞానం. మొత్తం పద్దెనిమిది సబ్జెక్టులు. రెండో టీచరు 'పని సర్దుబాటు' కింద పక్క ఊరికి పోతే ఒక్కడే చేసే అష్టాదశావధానం. ఒక పృచ్ఛకుడికి పలక మీద గుణింతం, మరొకడికి భాగహారం శేషం, మూలన ముక్కు కారుతున్న వాడికి ఆశువుగా ఓదార్పు. ఘంటాగణనానికి వంటామె గరిటెతో పళ్లెం కొడుతుంది. అప్రస్తుత ప్రసంగం మండల విద్యాధికారి కార్యాలయం వాట్సాప్ గ్రూపుది: 'అందరు హెచ్ఎంలు మరుగుదొడ్ల వివరములు ఈ క్రింది ప్రొఫార్మాలో పది నిమిషములలో పంపగలరు. అత్యవసరం.' అసలు అవధానంలో అప్రస్తుత ప్రసంగికుడికి అవధాని చమత్కారంగా బదులిస్తే చాలు. ఇక్కడ ఎక్సెల్‌లో ఇవ్వాలి. చదువు తప్ప వేరే పనులకు టీచర్లను వాడకూడదని, జనగణన, విపత్తులు, ఎన్నికలు మాత్రమే మినహాయింపని 27వ సెక్షన్ చెబుతుంది. మరుగుదొడ్ల ప్రొఫార్మా ఆ మూడింట్లో విపత్తు కిందికి వస్తుందేమో.

ధనకాండకు వద్దాం, గ్రంథంలో రసం చిక్కబడేది ఇక్కడే. సమగ్ర శిక్షా పథకం లెక్కలో బడి గ్రాంటు 30 మంది పిల్లల వరకు ఏడాదికి 10,000 రూపాయలు, 31 నుంచి 100 మంది దాకా 25,000. ముప్పై ఒకటో పిల్లాడి విలువ పదిహేను వేలన్నమాట. ఈ దేశంలో అంత ఖరీదైన పిల్లాడు మరొకడు లేడు కనుక, వాడు కుటుంబంతో హైదరాబాదు వలస పోయినా రిజిస్టరు వాణ్ని వదలదు. అందుకే బల్లల మీద 26 మంది, హాజరు పట్టీలో 34 మంది. సెప్టెంబరు 30 నాటి యూడైస్ (బడుల గణాంకాల సేకరణ) లెక్కకు ఆ ఎనిమిది మందీ నిలబడితే చాలు, తర్వాత వాళ్ల ఇష్టం.

గ్రాంటులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు పెట్టాలి. 25,000లో 2,500, నెలకు 208 రూపాయలు. అందులో ఫినాయిలు, చీపురు, బ్లీచింగు, బాత్రూం కడిగే మనిషి. ఈ నాలుగింట్లో మనిషి తప్ప అన్నీ వస్తాయి. అందుకే బాత్రూంకు తాళం వేసి, తాళంచెవి టీచరు బల్ల సొరుగులో పెడతారు. యూడైస్ ఫారంలో 'మరుగుదొడ్డి ఉన్నదా? ఉన్నది. పనిచేయుచున్నదా? చేయుచున్నది.' తాళం బాగానే పనిచేస్తోంది, అబద్ధమేమీ లేదు.

డబ్బు వచ్చే తీరు మరో అందం. బడి జూన్‌లో తెరుచుకుంటుంది, డబ్బు తనకు తోచినప్పుడు విడతలుగా వస్తుంది. అది వచ్చేది జీరో బ్యాలెన్స్ ఖాతా, అంటే ఖాతాలో రూపాయి ఉండదు, వాడుకోవడానికి పరిమితి కనపడుతుంది. మార్చి 31 రాత్రికి వాడనిది అదృశ్యం. కాబట్టి మార్చి చివర్లో, వేసవి సెలవులు దగ్గర పడుతుండగా బడికి ఒకేసారి పన్నెండు చీపుర్లు, నలభై చార్టులు, ఓ గ్లోబు వస్తాయి. జూన్ నుంచి సుద్దముక్కలు ఇన్‌ఛార్జి సారు జేబులోంచి వచ్చాయి. ఆ బాకీ ఈ గ్లోబులో ఎక్కడో సర్దుకుంటుంది. ఆయన దొంగ కాదు. నిజం రాస్తే ఆయన డబ్బు ఆయనకు తిరిగిరాదు, అంతే.

బియ్యం కథా ఇంతే. ప్రాథమిక బడిలో పిల్లాడికి రోజుకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. ఇరవై ఆరు మందికి రెండు కిలోల ఆరు వందల గ్రాముల బియ్యం, అర కిలోకు ఇరవై గ్రాములు ఎక్కువగా పప్పు. బియ్యం ఊరికే వస్తుంది. మిగతా సరుకులకు 2025 మే నుంచి కేంద్రం లెక్క తలకు 6 రూపాయల 78 పైసలు, అంటే మొత్తం 176 రూపాయల 28 పైసలు. అది కూడా బిల్లు పాసయ్యాక. అప్పటిదాకా వంటామె కిరాణా కొట్లో ఖాతా రాయించుకుంటుంది. కొట్టాయన మూడో నెల మొహం తిప్పేసరికి పప్పు పలచబడి చారవుతుంది, గుడ్డు వారానికి మూడు నుంచి ఒకటవుతుంది. రుచి రిజిస్టరులో మాత్రం ఏడాది పొడవునా ఒకటే మాట: 'రుచికరముగా నున్నది'. ఉగాదినాడు సెలవు. ఆ రోజూ రుచికరముగానే నున్నది.

బస్తా దగ్గర ఇంకో కిటుకు. లారీవాడు తూకం లేకుండా దించిన యాభై కిలోల బస్తా నలభై ఎనిమిదే ఉందనుకోండి. రసీదు మీద యాభైకి సంతకం పెట్టకపోతే బస్తా లారీలోనే వెనక్కి పోతుంది, రేపు పొయ్యి వెలగదు. సంతకం పెడితే స్టాకు రిజిస్టరులో రెండు కిలోలు మిగిలిపోతాయి. వాటిని ఎవరో ఒకరు తినాలి కదా! రెండు కిలోలంటే ఇరవై పళ్లేలు. రిజిస్టరులోని ఆ ఎనిమిది మంది వచ్చి రెండున్నర రోజుల్లో శుభ్రంగా తినేసి వెళతారు. వాళ్లంత బుద్ధిమంతులు బడిలో ఇంకెవరూ లేరు. అల్లరి చేయరు, గుడ్డు అడగరు, బాత్రూంకు తాళంచెవి అడగరు.

పైనుంచి చూసేవాళ్లు లేరా అంటే ఉన్నారు. హైస్కూలు హెడ్మాస్టరుకే మండల విద్యాధికారి (ఎంఈవో) అదనపు బాధ్యత ఇచ్చిన చోట ఆయన తన బడినే పూర్తిగా చూడలేడు. మీ బడిని వాట్సాప్‌లో చూస్తాడు. టీచర్లకు ముఖ గుర్తింపు హాజరు ఆంధ్రలో 2022లో, తెలంగాణలో 2025 ఆగస్టులో వచ్చింది. బడిలో ముఖం ఉందో లేదో ఇప్పుడు ఫోను చెప్పేస్తుంది. ముఖ్యుడు ఉన్నాడో లేడో చెప్పే యాప్ ఇంకా తయారవలేదు.

22వ సెక్షన్ కింద కమిటీయే బడి అభివృద్ధి ప్రణాళిక రాయాలి. రాస్తారు. పక్క ఊరిది తెచ్చి రాస్తారు. కొన్నిసార్లు పక్క ఊరి పేరు కూడా అలాగే ఉండిపోయి, మన కమిటీ వాళ్ల బడికి బోరు మంజూరు చేయవలసినదిగా కోరడమైనది. దీన్ని విశాల దృక్పథమనాలి.

కమిటీ ఏం తీర్మానించిందో ఊరివాళ్లు అడిగి చూసుకోవచ్చు. సమాచార హక్కు కింద మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము కూడా లేదు. మండల స్థాయిలో ఐదు రూపాయలు, పైన పది. అయినా ఎవరూ అడగరు. తమ వేలిముద్రే అందులో ఉందని తెలుసు కదా.

ఇంత ఏకశైలి గల గ్రంథంలోనూ ఒక్కో చోట ఛందోభంగం జరుగుతుంది. పుస్తకం మోసే పిల్లాడు ఎప్పుడైనా పెన్ను కూడా ఇచ్చేస్తాడు. చదువు వచ్చిన తల్లి ఎవరో గడప మీద కూర్చుని ఖాళీ గీతలు చూసి, ఇవి రాయడానికే అనుకుంటుంది. ఆ పేజీలో ఇప్పుడు రెండు గీతల మేర తెల్లటి వైట్‌నర్ పూత, దాని మీద నీలం ఇంకుతో 'మధ్యాహ్న భోజనము సంతృప్తికరముగా నున్నదని తీర్మానించడమైనది'. పేజీ తిప్పి వెనక నుంచి వెలుతురుకు పెట్టి చూస్తే, తిరగబడ్డ అక్షరాలు నలుపులో కనపడతాయి. బాల్‌పెన్ను గట్టిగా నొక్కి రాసింది కాబోలు, కాగితం ఉబ్బి వేలికి కూడా తగులుతుంది: 'గుడ్డు ఇస్తలేరు'. కర్త ఎవరో రాయలేదు గానీ, క్రియ మాత్రం 'డమైనది' కాదు.