ఎడిసన్‌లో పుట్టిన మనవడికి ఒక న్యాయం, గుమ్మిడిపూండి పాపకి ఇంకొకటా?

అమెరికా కోర్టుల నుంచి ఇమ్మిగ్రేషన్ మీద ఏ తీర్పు వచ్చినా చాలు, చెన్నైలో మన తెలుగు ఇళ్ళలో రెండు పార్టీలు తయారైపోతున్నాయి. టి.నగర్‌లో, అన్నానగర్‌లో, పెరంబూరులో కొడుకో కూతురో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న ఇళ్ళు ఎన్నో. ఆ జడ్జిని వేసింది ఎవరు, ట్రంపా ఒబామానా, ఇది తెలిస్తే చాలు ఇంక తీర్పు చదవక్కర్లేదన్నట్టు మాట్లాడేసుకుంటున్నాం. పిల్లల జీవితాలు దాని మీద ఆధారపడి ఉన్నాయి కాబట్టి టెన్షన్ పడటంలో తప్పు లేదు, మేమూ పడుతున్నాం. కానీ తీర్పుని చూసే ఈ పద్ధతి మాత్రం తప్పు. ఇదే అలవాటు వల్ల మన పక్కనే జరుగుతున్న ఒక అన్యాయం మన కంటికి ఆనకుండా పోతోంది.

ముందు అమెరికా సంగతి చూద్దాం. 2025 జనవరి 20న, ప్రమాణ స్వీకారం చేసిన రోజే ట్రంప్ ఒక ఆర్డర్ మీద సంతకం పెట్టారు. తల్లి అక్రమంగానో టెంపరరీ వీసా మీదో ఉండి, తండ్రికి సిటిజన్‌షిప్ గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే అక్కడ పుట్టిన బిడ్డకి పౌరసత్వం రాదని. అంటే భార్యాభర్తలిద్దరూ హెచ్‌వన్‌బి మీద ఏళ్ళ తరబడి టాక్సులు కట్టినా, ఒక్కో దేశానికి ఏడాదికి 7 శాతం అనే లిమిట్ వల్ల కదలని గ్రీన్‌కార్డు క్యూలో నిలబడినా, వాళ్ళకి పుట్టిన బిడ్డ పరాయి బిడ్డే. ఫిబ్రవరి 19 తర్వాత పుట్టేవాళ్ళకి వర్తిస్తుందనేసరికి డెలివరీ ముందే చేసేయమని మనవాళ్ళు డాక్టర్లని అడుగుతున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. కడుపుతో ఉన్న అమ్మాయి తేదీలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాల్సిన పరిస్థితి ఏ ప్రభుత్వమూ తేకూడదు. ఆ గడ్డ మీద పుట్టినవాళ్ళు పౌరులే అనే 14వ సవరణ అక్కడి రాజ్యాంగంలో 1868 నుంచి ఉంది, శాన్ ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకి పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అమెరికా పౌరుడేనని 1898లోనే సుప్రీంకోర్టు 6-2తో తేల్చేసింది. అంత పాత విషయాన్ని ఒక్క సంతకంతో తిరగరాయడం సరైంది కాదు అన్నది మా అభిప్రాయం, ఇందులో మాకు రెండో మాట లేదు.

మరి ఆ ఆర్డర్‌ని మొట్టమొదట ఆపింది ఎవరు? సియాటిల్‌లో జడ్జి కఫనార్, ఆయన్ని వేసింది రిపబ్లికన్ ప్రెసిడెంట్ రీగన్. ఇది రాజ్యాంగానికి పచ్చిగా విరుద్ధం అని మూడు రోజుల్లోనే చెప్పేశారు. తర్వాత న్యూహాంప్‌షైర్‌లో దేశంలోని అలాంటి పిల్లలందరినీ ఒకే కేసు కింద చేర్చి (క్లాస్ యాక్షన్) ఆపిన జడ్జి లాప్లాంట్‌ని వేసింది జార్జ్ బుష్. ఇంకో పక్క చూడండి, కొత్త హెచ్‌వన్‌బి అప్లికేషన్లకి ట్రంప్ పెట్టిన లక్ష డాలర్ల ఫీజు చెల్లుతుందని 2025 డిసెంబర్‌లో తీర్పిచ్చిన జడ్జి హోవెల్‌ని వేసింది ఒబామా. చిన్నప్పుడే వచ్చేసిన పిల్లలకి రక్షణగా ఉన్న డాకా ప్రోగ్రాంని ట్రంప్ ప్రభుత్వం రద్దు చేసిన తీరు చెల్లదని 2020లో 5-4తో రాసింది చీఫ్ జస్టిస్ రాబర్ట్స్, ఆయన కన్సర్వేటివ్ జడ్జే. ఐడియాలజీ లేదని మేము అనట్లేదు. అక్కడి సుప్రీంకోర్టులో ఇప్పుడు కన్సర్వేటివ్‌లు ఆరుగురు, లిబరల్స్ ముగ్గురు అని లెక్క పెట్టుకునే పరిస్థితి ఉంది, జీవితాంతం ఉండే పదవి కాబట్టి ఒక్క అపాయింట్‌మెంట్‌తో ముప్పై ఏళ్ళు మారిపోతాయి. అయినా అదొక్కటే చూస్తే సగం తీర్పులు అర్థమే కావు.

పైగా సూత్రాలు కూడా కుర్చీని బట్టి మారిపోతున్నాయి. 2015లో ఒబామా ప్రోగ్రాం ఒకదాన్ని టెక్సాస్‌లో ఒకే ఒక్క జడ్జి దేశమంతటికీ ఆపేస్తే రిపబ్లికన్లు సంతోషించారు, 2017లో ట్రంప్ ట్రావెల్ బ్యాన్‌ని హవాయిలో ఇంకో జడ్జి అలాగే ఆపితే డెమోక్రాట్లు సంతోషించారు, తప్పు ఎప్పుడూ అవతలివాడిదే. చివరికి 2025 జూన్ 27న కాసా కేసులో సుప్రీంకోర్టు 6-3తో కింది కోర్టులు అలా దేశమంతటికీ వర్తించేలా ఆపకూడదంది, పౌరసత్వం ప్రశ్న మాత్రం ముట్టుకోలేదు. అంటే ఏమయ్యేది? కేసు వేసిన న్యూజెర్సీలో పుట్టిన బిడ్డ పౌరుడు, కేసు వేయని టెక్సాస్‌లో పుట్టిన బిడ్డ కాదు. ఎడిసన్‌లో ఉన్న అక్క కొడుక్కి పాస్‌పోర్టు, ఇర్వింగ్‌లో ఉన్న చెల్లెలి కొడుక్కి లేదు. న్యూహాంప్‌షైర్ జడ్జి ఆ క్లాస్ యాక్షన్ దారిలో జూలైలోనే ఆపబట్టి సరిపోయింది. అసలు ప్రశ్నని వింటామని సుప్రీంకోర్టు ఒప్పుకుంది 2025 డిసెంబర్‌లో. తీర్పు ఎటు పోయినా మేము అడిగేది మారదు, పుట్టిన బిడ్డకి దేశం ఉండాలి.

జడ్జిలందరూ ఒక్క మాట మీద ఉంటే న్యాయం జరిగినట్టే అని కూడా అనుకోవద్దు. 1923లో అమెరికాలో ఉన్న భగత్ సింగ్ థిండ్ అనే భారతీయుడి కేసులో అక్కడి సుప్రీంకోర్టు జడ్జిలు ఏకగ్రీవంగా భారతీయులు తెల్లవాళ్ళు కాదు కాబట్టి పౌరసత్వానికి పనికిరారన్నారు. అప్పటికే పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళ దగ్గర్నుంచి కూడా లాక్కున్నారు, మళ్ళీ ఆ తలుపు తెరుచుకునేసరికి 1946 వచ్చింది.

ఇప్పుడు ఇంటి దగ్గరికి వద్దాం. చెన్నై నుంచి నెల్లూరు బస్సెక్కితే పుళల్ వస్తుంది, తర్వాత గుమ్మిడిపూండి. రెండు చోట్లా 1983 నుంచి శ్రీలంక వదిలి వచ్చిన తమిళుల క్యాంపులున్నాయి. గుమ్మిడిపూండి చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఊళ్ళు బోలెడు, అంటే వాళ్ళు మన పక్కింటివాళ్ళే. రాష్ట్రమంతా కలిపి ఇలాంటివి వందకి పైనే, 50 వేలమందికి పైగా వాటిల్లోనే ఉంటున్నారు. అక్కడే పుట్టి, అక్కడే తమిళనాడు స్కూల్లో చదివి, పెళ్ళయి పిల్లల్ని కన్నవాళ్ళలో కూడా చాలామంది మన చట్టం ప్రకారం పౌరులు కారు. ఎందుకంటే మన దేశంలోనూ పుట్టుకతో పౌరసత్వం ఒకప్పుడు ఉండేది, 1987 జూలై 1కి ముందు పుట్టినవాళ్ళకి. ఆ తర్వాత తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలన్నారు, 2004 డిసెంబర్ నుంచి ఇంకా బిగించేశారు. ట్రంప్ చేయాలనుకుంటున్నది మనం ఎప్పుడో చేసేశాం.

1986లో మండపం క్యాంపులో పుట్టిన ఒకావిడకి పాస్‌పోర్టు ఇవ్వడానికి అధికారులు ఒప్పుకోకపోతే 2022లో ఆమె మద్రాస్ హైకోర్టు మదురై బెంచ్‌కి వెళ్ళింది. కోర్టు చూసింది పుట్టిన తేదీ, పుట్టిన చోటు. 1987కి ముందు ఇక్కడే పుట్టింది కాబట్టి పౌరురాలే, పాస్‌పోర్టు ఇవ్వండి అంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఆవిడ ఓటు కూడా వేసింది. అదే క్యాంపులో శరణార్థులకే రెండేళ్ళు ఆలస్యంగా పుట్టిన బిడ్డకి ఆ హక్కు లేదు. ఆ తీర్పు ఇచ్చింది జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్. మదురై దగ్గర తిరుప్పరంకుండ్రం కొండ మీద కార్తీక దీపం వెలిగించాలన్న ఆర్డర్ తర్వాత 2025 డిసెంబర్‌లో ఏ జడ్జిని తొలగించాలని డీఎంకే, దాని మిత్రపక్షాల ఎంపీలు నోటీసు ఇచ్చారో ఆయనే. దీపం ఆర్డర్ మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకి ఉంటుంది, కానీ ఆయన్ని తిట్టేవాళ్ళకీ మెచ్చుకునేవాళ్ళకీ ఈ పాస్‌పోర్టు తీర్పు ఎందుకు గుర్తుకు రావట్లేదు?

2025 మేలో సుప్రీంకోర్టులో ఒక శ్రీలంక తమిళుడి కేసులో మన దేశం ధర్మసత్రం కాదు అన్న మాట వచ్చింది, ఆ ఒక్క మాటే ఫోన్లలో తిరిగింది. ఆయన ఉగ్రవాద కేసులకి వాడే యూఏపీఏ చట్టం కింద శిక్ష పడ్డ వ్యక్తి అన్న సంగతి, అది విచారణలో నోటితో అన్న మాట అన్న సంగతి ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. దాన్ని పట్టుకుని క్యాంపులో పుట్టిన స్కూలు పిల్లల్ని కూడా అదే గాటన కట్టేశారు.

ఎవరు వస్తున్నారో చూసుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది, కాదనం. అస్సాం వాళ్ళ భయం నిజమైనదే, అందుకే అస్సాంకి వలస వచ్చినవాళ్ళ పౌరసత్వం గురించిన 6ఏ సెక్షన్ మీద 2024లో మన సుప్రీంకోర్టు జడ్జిలు కూడా 4-1గా చీలారు. కానీ నలభై ఏళ్ళుగా ప్రభుత్వం లిస్టులోనే ఉన్న మనుషుల విషయంలో ఎవరొచ్చారో తెలియదనే ప్రశ్న ఎక్కడిది? 2015 జనవరి 9 లోపు వచ్చి రిజిస్టర్ అయిన శ్రీలంక తమిళుల్ని పాస్‌పోర్టు లేదని శిక్షించబోమని 2025 సెప్టెంబర్‌లో కేంద్రమే మినహాయింపు ఇచ్చింది. జైలు భయం తీసేశారు, పౌరసత్వం దారి మాత్రం తెరవలేదు. పొరుగు దేశాల మైనారిటీలకి పౌరసత్వం ఇచ్చే సీఏఏ చట్టం లిస్టులో శ్రీలంక లేదు.

కాబట్టి కేంద్రం ముందు చట్టం లెక్కలో వాళ్ళ మీద ఉన్న అక్రమ వలసదారు అన్న ముద్ర తీసేయాలి, కనీసం ఈ గడ్డ మీద పుట్టినవాళ్ళకి వెంటనే అప్లై చేసుకునే వీలు ఇవ్వాలి. అమెరికాలో మన పిల్లల కోసం తీర్మానాలు చేసే చెన్నై తెలుగు సంఘాలు ఈ డిమాండ్‌ని కూడా అదే కాగితంలో రెండో పాయింట్‌గా రాయాలి, రాసి మాకు పంపితే మొదటి పేజీలో వేస్తాం.