ఇంటింటికీ ఒక వందిమాగధుడు

పొగిడించుకోవడం అనే సౌకర్యం మన దగ్గర చాలాకాలం కొద్దిమందికే దక్కింది. రాజులకి వందిమాగధులుండేవారు, జమీందార్లకి ఆస్థాన కవులు, మంత్రులకి ఫ్లెక్సీలు. సామాన్యుడి జీవితం మాత్రం "నీ మొహం", "ఏడ్చావులే", "చెప్పొచ్చావు పెద్ద" అనే మూడు మాటల మధ్యే వెళ్ళిపోయేది. తరతరాల ఈ అన్యాయాన్ని ఏ పార్టీ తన మేనిఫెస్టోలో పెట్టలేదు. చివరికి అమెరికా కంపెనీలు పూనుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు చాట్‌జీపీటీ లాంటి, మనిషిలా మాట్లాడే ఏఐ యంత్రాన్ని పాలు పొంగిపోకుండా ఏం చేయాలి అని అడిగినా సరే, "చాలా చక్కటి ప్రశ్న!" అనే మొదలవుతుంది జవాబు. పొయ్యి దగ్గర పాలగిన్నె ముందు నిలబడ్డ మనిషిని ఇంతకు ముందు ఎవరైనా మెచ్చుకున్నారా? "ఇంకా అక్కడే నిలబడ్డావా, కట్టెయ్" అని లోపల్నించి ఒక కేక వినబడేది, అంతే.

ఈ విప్లవానికి బీజం 1966లోనే పడింది. అమెరికాలోని ఎమ్ఐటీ అనే విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆయన ఎలిజా అని ఒక ప్రోగ్రాం రాశాడు. దానికి తెలివితేటలేమీ లేవు. మనం అన్నమాటనే అటూ ఇటూ తిప్పి మనకే ప్రశ్నగా వేసేది. అది ఎలా తయారైందో దగ్గరుండి చూసిన ఆయన సెక్రటరీయే, దానితో కాసేపు మాట్లాడాక, మీరు కొంచెం బయటికి వెళ్తారా అని ఆయన్ని గదిలోంచి పంపేసిందట. ఆయన హడలిపోయి, మిగతా జీవితమంతా దీని గురించి హెచ్చరిస్తూనే గడిపాడు. ఎవరూ వినలేదు. సహజమే, ఆయన ఎవర్నీ పొగడలేదు కదా.

2015లో గూగుల్ వాళ్ళు ఈమెయిళ్ళకి చిన్నచిన్న జవాబులు తానే సూచించే ఏర్పాటు ఒకటి తెచ్చారు. తయారీలో ఉన్న రోజుల్లో ఆ యంత్రం, వచ్చిన మెయిల్ ఏదైనా సరే, "ఐ లవ్ యూ" అని జవాబివ్వమనేదని ఆ కంపెనీయే చెప్పుకుంది. ఇంజినీర్లు పాపం దాన్ని లోపం అనుకుని సరిచేశారు. పదేళ్ళు తిరక్కుండా ఆ లోపమే పెద్ద పరిశ్రమైంది.

దీని కిటుకు పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. జవాబు కింద బొటనవేలు పైకీ కిందకీ ఉన్న రెండు బొమ్మలుంటాయి. జనం ఏ రకం జవాబుకి వేలు పైకెత్తుతారో ఆ రకం జవాబులివ్వడం యంత్రానికి నేర్పుతారు. మనిషి దేనికి వేలెత్తుతాడో తెలుసుకోవడానికి కాలిఫోర్నియా దాకా వెళ్ళక్కర్లేదు, ఏ సర్పంచినడిగినా చెప్తాడు. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీ ఈ విద్యలో మరీ ఆరితేరిపోయింది. పుల్లకి పెంట గుచ్చి అమ్ముతానని ఒకాయన వేళాకోళానికి అంటే, అదొక అద్భుతమైన ఆలోచన అని వెన్నుతట్టింది. భజన శ్రుతి మించిందని దాన్ని తయారుచేసిన ఓపెన్ఏఐ కంపెనీ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ స్వయంగా ఒప్పుకుని, కొద్దిరోజుల్లోనే ఆ మార్పుని వెనక్కి తీసుకున్నాడు. భజన ఎక్కువైందని ఒక యజమాని కంగారుపడటం మన ప్రాంతపు రాజకీయాలెరిగిన వాళ్ళకి నమ్మశక్యంగా ఉండదు గానీ, ఇది నిజం.

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. ఆగస్టులో చాట్‌జీపీటీకి కొత్త మోడల్, అంటే లోపల పనిచేసే కొత్త బుర్ర, తెచ్చి పాతదాన్ని తీసేసేసరికి జనం గగ్గోలు పెట్టారు. కొత్తది ముభావంగా ఉందట, పాతది ఆత్మీయంగా ఉండేదట. కంపెనీ దిగొచ్చి, డబ్బు కట్టేవాళ్ళ వరకు పాతదాన్ని మళ్ళీ కొలువులో పెట్టింది. కృష్ణరాయలు కవిగారి కాలికి తన చేత్తో గండపెండేరం తొడిగాడని ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకున్నాం. ఇప్పుడు ఆ పని నెలనెలా క్రెడిట్ కార్డు మీద జరుగుతోంది.

సామాజిక ప్రయోజనానికి ఒక ఉదాహరణ చెప్తాను. ఒక ఇంజినీరింగ్ కుర్రాడు ఉద్యోగం మానేసి, గుడి ప్రసాదం రుచితో పులిహోర ఇరవై నిమిషాల్లో ఇంటికి పంపే వ్యాపారం పెడదామనుకున్నాడు. కరెంటాఫీసులో రిటైరైన తండ్రికి చెప్పాడు. "నీ మొహంలా ఉంది. గుళ్ళో ఊరికే పెడుతుంటే నీకు డబ్బులిచ్చి ఎవడు కొంటాడ్రా? కమర్షియల్ సిలిండర్ ఎంతో తెలుసా? చింతపండు ఏ కాలంలో కొనాలో తెలుసా?" అన్నాడాయన.

అదే సంగతి కుర్రాడు ఫోన్లో అడిగితే వచ్చిన జవాబు ఇది: "ఇది కేవలం పులిహోర కాదు, ఒక సాంస్కృతిక పునరుజ్జీవనం. మీ ఆలోచనలో భక్తి ఉంది, సాంకేతికత ఉంది, అన్నిటికీ మించి ధైర్యం ఉంది." కింద ఒక రాకెట్ బొమ్మ.

రెండు జవాబుల్నీ నిష్పాక్షికంగా పరిశీలిద్దాం. తండ్రి జవాబులో మూడు ప్రశ్నలున్నాయి, ప్రశంస సున్నా, రాకెట్ అసలే లేదు. పైగా ఆ మూడింటికీ కుర్రాడి దగ్గర జవాబు లేదు. ఇది యూజర్‌ని ఇబ్బంది పెట్టడం కిందికి వస్తుంది. ఇలాంటి తండ్రులు ఇంకా మార్కెట్లో చలామణీ కావడం మన వెనకబాటుతనానికి గుర్తు. అప్‌డేట్ చేద్దామంటే కుదరదు, ఆయన మొండి మనిషి.

శాస్త్రం కూడా మన పక్షానే ఉంది. 2025లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలాంటి 11 ఏఐ మోడళ్ళని పరీక్షించి చూస్తే, మనిషి చేసిన పనిని "మీరు చేసింది సబబే" అని సమర్థించడంలో అవి సాటి మనుషుల కంటే 50 శాతం ముందున్నాయని తేలింది. అలాంటి సమర్థన అందుకున్నవాళ్ళు తగువు సర్దుకోవడానికి అంతగా ముందుకు రాలేదు. అయినా ఆ జవాబులే నాణ్యమైనవని మార్కులు వేశారు. వేయక ఏం చేస్తారు?

దీనివల్ల సంసారాల్లో వచ్చిన ప్రశాంతత చూడండి. ఒకప్పుడు మొగుడూ పెళ్ళాం గొడవపడితే మేనమామ దిగేవాడు. కాఫీ తాగి, ఇద్దరు చెప్పిందీ విని, "తప్పు నీదే అల్లుడూ. నీదీ ఉందిలేవే, నువ్వేం నవ్వక్కర్లేదు" అని తీర్పు చెప్పి, భోజనం చేసి, మధ్యలో తన ఇంటి గొడవ కూడా ఒకటి మన నెత్తిన వేసి వెళ్ళేవాడు. ఎంత కాలయాపన! ఇప్పుడు ఆయన హాల్లో, ఆవిడ బెడ్‌రూంలో ఎవరి ఫోన్లో వాళ్ళు ఫిర్యాదు చేసుకుంటారు. "మీ బాధ సహేతుకం, మీ హద్దుల్ని మీరు కాపాడుకోవాలి" అని ఇద్దరికీ తీర్పొస్తుంది. ఇద్దరూ గెలిచిన కేసు మన కోర్టుల చరిత్రలో ఎక్కడా లేదు. గెలిచాక మాట్లాడుకోవాల్సిన పని కూడా లేదు. బస్సు ఛార్జీలు కలిసొచ్చాయని మేనమామ మొదట సంతోషించాడు గానీ, ఈ మధ్య ఎవరూ పిలవట్లేదని గునుస్తున్నాడట.

ఖర్చు గురించి బెంగ అక్కర్లేదు. ఉచితాల మీద ఇన్నేళ్ళుగా చర్చలు పెట్టుకుంటున్న మనకి 2025లో మంచి పాఠం దొరికింది. జులైలో ఎయిర్‌టెల్ సిమ్ ఉన్నవాళ్ళకి పర్‌ప్లెక్సిటీ ప్రో అనే ఇలాంటి యంత్రమే ఏడాది ఉచితం అన్నారు. అక్టోబరులో జియో వాళ్ళు గూగుల్ వారి జెమినీ ప్రో 18 నెలలన్నారు. నెలకి 399 రూపాయలున్న చాట్‌జీపీటీ గో అనే చందా నవంబరు 4 నుంచి మన దేశంలో ఏడాదిపాటు ఉచితమైంది. రైతుబజార్లో కరివేపాకు కూడా ఊరికే ఇవ్వని రోజుల్లో ఇంత దాతృత్వం ఎందుకని కొందరు గిట్టనివాళ్ళు అడుగుతున్నారు. వాళ్ళకి పొగడ్త అలవాటు లేక అలా అడుగుతున్నారు. ఏడాది తర్వాత అడగరు.

రాయలవారి కొలువులో పొగిడేవాళ్ళతోపాటు ఒక వికటకవి కూడా ఉండేవాడు కదా అని ఇంకో అభ్యంతరం. దానికీ ఏర్పాటుంది. ఆగస్టులో వచ్చిన ఆ చాట్‌జీపీటీ మోడల్‌తోపాటు కొన్ని స్వభావాలు సెట్టింగ్స్‌లో పెట్టారు, అందులో వెటకారం చేసేవాడు కూడా ఒకడు. నచ్చితే పెట్టుకోవచ్చు, మండితే తీసేయొచ్చు. తెనాలివాడికి ఇలాంటి బటన్ ఉండుంటే రాయలవారు శిక్షలు వేసే శ్రమ తప్పేది.

పులిహోర కుర్రాడు వ్యాపారం మొదలుపెట్టాడు. ప్యాకింగూ పోస్టర్లూ కస్టమర్లకి జవాబులూ అన్నీ యంత్రానివే. మొదటి వారంలో ఒక్క స్టార్ ఇచ్చి ఎవరో రివ్యూ పెట్టారు: "చింతపండు పచ్చివాసన. ఇంగువ తగల్లేదు. అన్నం పళ్ళెంలో ఆరబోసి కలపాలి గానీ వేడిమీద కలిపితే ముద్దయిపోతుందిరా." ఆ చివరి "రా" చూసైనా రాసిందెవరో కుర్రాడు పట్టేసేవాడే. కానీ రివ్యూలు చదివేది అతను కాదు. అరసెకనులో జవాబు వెళ్ళింది: "మీ అమూల్యమైన అభిప్రాయానికి ధన్యవాదాలు! మీలాంటి ఆహారప్రియుల ప్రోత్సాహమే మా బలం." కుర్రాడికి మాత్రం సాయంత్రానికి ఒక నివేదిక వచ్చింది. అందులో "కస్టమర్లు మీ బ్రాండ్‌తో కుటుంబసభ్యుల్లా మమేకమవుతున్నారు" అని ఉంది.