అందరికీ అంటే ఆయనకే

హిమాయత్‌నగర్‌లో మా కార్యాలయం రెండో అంతస్తులో ఉంది. మెట్లు దిగితే ఇరానీ హోటలు. మా సంస్థ క్రమశిక్షణకు పొంచి ఉన్న ముప్పు ఇదొక్కటేనని యాజమాన్యం ఏనాడో తేల్చింది. సాయంత్రం నాలుగింటికి చాయ్ కోసం దిగినవారందరూ పది నిమిషాల్లో తిరిగి మెట్లెక్కుతారు, ఒక్క పెద్దమనిషి తప్ప. ఆయన ఉస్మానియా బిస్కెట్టును చాయ్‌లో ముంచి, అది విరిగి అడుగున పడేదాకా ఓపికగా చూసి, ఆ దుఃఖం తీరడానికి ఇంకో కప్పు తెప్పించుకుని, ఐదున్నరకు పైకి వస్తారు. ఈలోగా ఆయన చేయవలసిన బిల్లులన్నీ పక్క సీటులోని అమ్మాయి చేస్తుంది. ఆమె ఆర్నెల్లు ఓర్చుకుని, చివరికి మేనేజరుగారికి మొరపెట్టుకుంది.

ఆ పెద్దమనిషిని గదిలోకి పిలిచి "ఏమండీ, రోజూ ఎందుకు ఆలస్యమవుతోంది?" అని అడగడానికి రెండు నిమిషాలు చాలు. కానీ అందులో ఎన్ని ప్రమాదాలు! ఆయన ముఖం మాడ్చుకోవచ్చు, ఎదురు ప్రశ్న వేయవచ్చు, అన్నిటికీ మించి పెద్ద సారు తోడల్లుడి తరఫు మనిషి కావచ్చు. (కావచ్చు ఏమిటి, అవును.) అందుచేత మా మేనేజరుగారు సామ దాన భేద దండోపాయాలను నాలుగింటినీ పక్కనపెట్టి, నీతిశాస్త్రకారులకు తట్టని ఐదో ఉపాయాన్ని ప్రయోగించారు. సర్క్యులర్ తీశారు. "కొందరు సిబ్బంది చాయ్ విరామాన్ని దుర్వినియోగం చేస్తున్నట్టు మా దృష్టికి వచ్చింది" అని అది మొదలవుతుంది. మేనేజరుగారి వ్యాకరణంలో 'కొందరు' అన్నది ఏకవచనం.

చదివినట్టు అందరం సంతకాలు పెట్టాం. ఆ పెద్దమనిషి అందరికంటే ముందు, అందరికంటే అందంగా పెట్టి, "ఈమధ్య ఆఫీసులో భయభక్తులు లేకుండా పోయాయి" అని నిట్టూర్చి, సర్క్యులర్‌ను స్వయంగా నోటీసు బోర్డుకు గుచ్చారు.

సర్క్యులర్ వెంట మూవ్‌మెంట్ రిజిస్టరు వచ్చింది. కిందికి వెళ్లే ప్రతివారూ వెళ్లిన వేళ, వచ్చిన వేళ రాయాలి. రాయడానికి వరుసలో నిలబడేసరికే ఐదు నిమిషాలు పోయేవి. నెల తిరిగాక మేనేజరుగారు రిజిస్టరును ఎర్ర సిరాతో పరిశీలించగా, ఫిర్యాదు చేసిన అమ్మాయి ఒకనాడు 12 నిమిషాలు బయట ఉన్నట్టు ఆమె దస్తూరీలోనే దొరికింది. వెంటనే మెమో ఇచ్చారు. పెద్దమనిషి ఒక్కనాడూ సంతకం చేయలేదు గనుక, రికార్డుల ప్రకారం ఆయన కుర్చీలోంచి కదలనే లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం తప్పని మన పెద్దలన్నారు గానీ, దుత్తకు రిజిస్టరులో పేరుంటుంది, అత్తకు ఉండదు అన్న పరిపాలనా సౌలభ్యాన్ని వారు గమనించలేదు.

ఈ విషయంలో చట్టం మరీ అమాయకమైనది. తరచూ ఆలస్యంగా రావడాన్ని నమూనా స్టాండింగ్ ఆర్డర్లు (అంటే సర్కారువారు రాసిపెట్టిన ఉద్యోగ నియమాల నమూనా) దుష్ప్రవర్తనగానే లెక్కించినా, శిక్షించేముందు ఆరోపణను రాతపూర్వకంగా తెలిపి, సదరు వ్యక్తి సంజాయిషీ వినమంటాయి. ఇక 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 20 లేదా అంతకుమించి కార్మికులున్న ప్రతి సంస్థలోనూ ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలంటుంది. అందులో యాజమాన్యం, కార్మికుల ప్రతినిధులు సమానంగా ఉండాలట, అధ్యక్షపదవి ఏటేటా చేతులు మారాలట, విచారణ 30 రోజుల్లో ముగియాలట. పాత పారిశ్రామిక వివాదాల చట్టానికి 2010లో చేసిన సవరణ 45 రోజులైనా ఇచ్చింది! అదృష్టవశాత్తు మా సంస్థలో ఉన్నది 19 మందిమే. ఇరవయ్యో మనిషి ఎప్పుడు చేరినా అతడిని 'శిక్షణలో ఉన్నాడు' అంటారు. ఒకాయన నాలుగేళ్లుగా శిక్షణలోనే ఉన్నాడు, ఇప్పుడు కొత్తవాళ్లకు పని నేర్పేది ఆయనే.

మొన్న సోమవారం రిజిస్టరుకు పురికొసతో కట్టిన పెన్ను మాయమైంది. "కొందరు సిబ్బంది సంస్థ ఆస్తిని సొంతానికి వాడుకుంటున్నట్టు మా దృష్టికి వచ్చింది" అంటూ మధ్యాహ్నానికల్లా ఇంకో సర్క్యులర్ దిగింది. దానిపై సంతకం చేయడానికి మేనేజరుగారే జేబులోంచి తీసి పెన్ను అందించారు. దాని మెడకు జానెడు పురికొస ఇంకా వేలాడుతోంది. ఈసారి 'కొందరు' అన్నది గౌరవార్థక బహువచనమని గ్రహించి, పంతొమ్మిది మందిమీ సంతకాలు పెట్టాం.