అరవై నిమిషాల హాప్స్ పట్టీ గారికి ఒక ఉత్తరం

శ్రీకాకుళం,
ముక్కనుమ రోజు.

మహారాజశ్రీ హాప్స్ పట్టీ గారికి,

ఉభయకుశలోపరి. పండక్కి డాలస్ నుంచి దిగిన మనవాళ్ళు అరుగు మీద మిమ్మల్ని పరిచి మరీ చూపిస్తున్నారు. బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పువ్వుల్ని, పొయ్యి ఆపడానికి ఎన్ని నిమిషాల ముందు గిన్నెలో వేయాలో చెప్పే పట్టీ అట తమరు. 60, 45, 30, 20, 15, 10, 5, 0. ఎనిమిది గడులు, గడికో హాప్ రకం. ఏటిది బాబూ, ఐపీఏ బీరు కాయడానికి పట్టీయా, ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సుల బోర్డా?

ముందు తమరి ఇంటిపేరు సంగతి. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆమదాలవలసలో ఉన్నట్టే, ఐపీఏ, అంటే ఇండియా పేల్ ఏల్, కూడా ఇండియాలో పుట్టలేదు. లండన్ దగ్గర బో అనే చోట హాడ్జ్‌సన్ గారి బట్టీ నుంచి ఓడెక్కి వచ్చేది, తర్వాత ఆ బేరం బర్టన్ ఊరి బట్టీల వాళ్ళు తన్నుకుపోయారు. దారిలో చెడకూడదని పీపాల్లో కూడా హాప్స్ వేసేవారు. పొద్దున దించిన తాటికల్లు సాయంత్రానికి పుల్లబడిపోయే ఊరు మాది. నిలవ విలువ మాకు చెప్పక్కర్లేదు.

తమరితో పేచీ ఆ మధ్య గడుల గురించే. 20 లీటర్ల వోర్టు (బీరుగా పులియబోయే తియ్యటి బార్లీ రసం), గ్రావిటీ (అందులో చక్కెర ఎంతుందో చెప్పే అంకె) 1.060 అనుకుందాం. 13 శాతం ఆల్ఫా (చేదునిచ్చే యాసిడ్లు) ఉన్న మాగ్నమ్ రకం హాప్స్ 25 గ్రాములు 60 నిమిషాలు మరిగితే, అందులో ఆల్ఫా యాసిడ్లు 3.25 గ్రాములు, అంటే లీటరుకి 162 మిల్లీగ్రాములు. మరిగే సేపుని బట్టి చేదు ఎంత దిగుతుందో చెప్పే టిన్‌సెత్ లెక్క ప్రకారం బీరులో నిలిచేది 21 శాతమే. వెరసి 34 ఐబీయూ (చేదుకి కొలత). చేదుకి పునాది పడింది, బాగుంది. 30వ నిమిషం గడిలో ఖరీదైన సిట్రా రకం ఎందుకండీ? అప్పటికి చేదు 16 శాతమే దిగుతుంది, వాసననిచ్చే నూనెలేమో ఆవిరితో పాటు వీధిలోకి పోతాయి. చారులో ఇంగువ ముందే వేసి అరగంట మరిగించి, వాసనేదని గిన్నెలో వెతికినట్టు. టిఫినుకీ కాదు, భోజనానికీ కాదు.

ఇక తమరి 'సున్నా' గడి. అంత పచ్చి అబద్ధం ఇంకోటి లేదు. పొయ్యి ఆపినంత మాత్రాన వోర్టు చల్లారిపోతుందా? ఎండాకాలం కుళాయిలో నీళ్ళే వేడిగా వస్తుంటే, చిల్లర్ (లోపల నీళ్ళు పారే చల్లార్చే గొట్టపు చుట్ట) ముంచినా అది 98 నుంచి 80 డిగ్రీలకి దిగడానికి చాలాసేపు పడుతుంది. ఆ సేపంతా సున్నా గడి హాప్స్ చేదు దింపుతూనే ఉంటాయి. పట్టీలో 45 ఐబీయూ, నాలుక మీద 60. అందుకని ముందు 80కి దించండి, అప్పుడు 60 గ్రాముల సిట్రా వేసి గరిటెతో సుడి తిప్పి 20 నిమిషాలు ఉంచండి. చేదు ఓ పది కలుస్తుంది, వాసన గిన్నెలోనే ఉంటుంది.

డ్రై హాప్‌కి, అంటే మరిగించకుండా చల్లారిన బీరులోనే వేసే హాప్స్‌కి, తమరి పట్టీలో అసలు చోటే లేదు, అదేదో కొసరన్నట్టు అడుగున ఓ ముక్క గీకారు. ఐపీఏకి ప్రాణం అదే. పులియడం దాదాపు అయ్యాక 100 గ్రాములు, మూడు రోజులు. వారం పది రోజులు వదిలేస్తే గడ్డి నమిలినట్టుంటుంది. మూత తీసి తీసి చూడకూడదు. గాలి తగిలితే కోసి నీళ్ళలో వేయని వంకాయ ముక్కలా నల్లబడుతుంది, ఆ వాసనంతా పోయి తడిసిన అట్టపెట్టె రుచి మిగులుతుంది. పెల్లెట్లు (గుళికలుగా నొక్కిన హాప్స్) తాగేసే బీరుకి ఓ లీటరు నీళ్ళొదులుకోండి.

అసలు కొంప ముంచేది ఇంకొకటుంది. హాప్స్‌లోని ఎంజైములు, బీరుని పులియబెట్టే ఈస్టు తినలేక వదిలేసిన పిండి చక్కెరల్ని విరగ్గొడతాయి. పడుకున్న ఈస్టు లేచి మళ్ళీ మేస్తుంది. బీరుకి వెన్న వాసన పడుతుంది. తొందరపడి నింపితే సీసాలు పేలతాయి. డ్రై హాప్ అయ్యాక గ్రావిటీ వరసగా మూడు రోజులు కదలకపోతేనే సీసాలకెక్కించాలి. ఇంత సంగతికి తమరి ఎనిమిది గడుల్లో ఒక్క గడి లేదు!

పట్టీలో కాస్కేడ్ రకం ఆల్ఫా 6 శాతమని అచ్చేశారు, ప్యాకెట్ మీద 4.5 ఉంటే ఎవరిని అడగాలి? పంట పంటకీ ఆల్ఫా మారుతుంది. ప్యాకెట్ మీది అంకెతోనే లెక్క కట్టాలి. విప్పిన ప్యాకెట్ గాలి తీసి ఫ్రీజర్లో పెట్టకపోతే పాత సాక్సుల కంపు కొడుతుంది, దాన్ని ఏ గడిలో వేసినా ఒకటే. మొదటి హాప్స్ పడగానే వోర్టు పాలు పొంగినట్టు పొంగుతుంది, గిన్నెలో జానెడు ఖాళీ ఉంచమని కూడా తమరు చెప్పలేదు.

లెక్కలు ఇక్కడ వేసినా, కాచేది డాలస్‌లోనే. ఇక్కడ లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజు వాళ్ళు గిన్నెతో పాటు తమర్నీ పట్టికెళ్తారు. అక్కడ 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం పుణ్యాన, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఏడాదికి 200 గాలన్ల దాకా పన్ను లేదు, అమ్ముకోకూడదంతే.

ఇట్లు,
చేదు తెలిసిన
నాగావళి ఒడ్డు వాళ్ళు

తా.క.: తమరి 45, 30, 20, 15, 10 గడులు కొట్టేశాం. కాగితం పాడవకుండా అందులో సూట్‌కేసు జాబితా రాసుకుంటున్నారు: పలాస జీడిపప్పు 2 కిలోలు, ఊరమిరపకాయలు అరకిలో, ఇంగువ డబ్బా ఒకటి.