హులా ఉన్నది చేతుల్లో, నడుములో కాదు

1930ల హాలీవుడ్ హవాయి పాటల క్లిప్పు ఎవరు షేర్ చేసినా కింద కామెంట్లన్నీ నడుము చుట్టూనే తిరుగుతాయి. చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. హవాయి దీవుల సంప్రదాయ నాట్యం హులా. దానికి ప్రాణం మెలె, అంటే పాడే కవిత. అందులోని అల, వాన, పువ్వు అన్నీ చేతుల్లో పలుకుతాయి. అభినయం తెలిసిన తెలుగువాళ్లకి ఇది విడమరిచి చెప్పాలా? భామాకలాపంలో సత్యభామ జడ విసిరితే మనం జడ పొడవు కొలుస్తామా?

తప్పు మొదట చేసింది కెమెరా. 1932లో హాలీవుడ్ స్టూడియో ఆర్‌కెఓ వాళ్లు తీసిన ‘బర్డ్ ఆఫ్ పారడైజ్’ సినిమా చూడండి, కాపీరైట్ లేదు కాబట్టి ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ద్వీపకన్య వేషం మెక్సికో నటి డోలొరెస్ డెల్ రియోది. డాన్సులు కూర్చింది న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకశాలల నుంచి వచ్చిన బజ్బీ బర్క్‌లీ. డెల్ రియో మీద నాకే కోపమూ లేదు. కానీ 1830లో నిషేధానికి గురై, 1883లో హవాయి రాజు కలాకౌవా పట్టాభిషేకంలో మళ్లీ సగర్వంగా జనం ముందుకొచ్చిన నాట్యమిది. దాన్ని తరతరాలుగా నేర్పుతున్న గురువులుండగా ఈ వేషమెందుకు?

సంగీతం సంగతీ అంతే. గిటార్ తీగల మీద ఉక్కు ముక్క జార్చి వాయించే పద్ధతి, అంటే స్టీల్ గిటార్, హవాయి కుర్రాడు జోసెఫ్ కెకుకుది. 1932లో అమ్మకానికొచ్చిన తొలి ఎలక్ట్రిక్ గిటార్ ‘ఫ్రైయింగ్ ప్యాన్’ కూడా ఒళ్లో పెట్టుకుని వాయించే హవాయి గిటారే. (1940లలో హవాయి సంగీతం వాయించే టావ్ మో కుటుంబం కలకత్తాలో ఉండి ఇదే వాద్యం వాయించింది. మన దేశంలో స్లైడ్ గిటార్ కథలో వాళ్లకి పెద్ద చోటే ఉంది.) హాలీవుడ్ సినిమాలకి వాయించిన సోల్ హోఓపిఈ స్టీల్ గిటార్ ఒక్కసారి వినండి, తీగ మనిషి గొంతులా సాగుతుంది. అయినా ‘వైకీకీ వెడ్డింగ్’ సినిమాలోని ‘స్వీట్ లెయిలాని’ పాట అనగానే అందరికీ గుర్తొచ్చేది దాన్ని పాడిన అమెరికన్ గాయకుడు బింగ్ క్రాస్బీ. ఆస్కార్ వెళ్లింది అది రాసిన, అమెరికాలోని నెబ్రాస్కాలో పుట్టిన హ్యారీ ఓవెన్స్‌కి. పాట నాకూ ప్రాణమే, అది వేరే విషయం.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది 1932 నాటి బెట్టీ బూప్ కార్టూన్ ‘బాంబూ ఐల్’. మొదట్లో రాయల్ సమోవన్స్ బృందం, నర్తకి మిస్ లోటమురు నిజంగానే తెర మీద కనిపిస్తారు. తర్వాత బెట్టీ ఆడే డాన్సు లోటమురు ఆడిన ఫిల్మ్ మీద గీత గీతగా దిద్దుకున్నదే. మరుసటి ఏడాది పొపాయ్ తొలి కార్టూన్‌లోనూ అదే డాన్సు మళ్లీ వాడుకున్నారు. దాన్నే ఇప్పుడు ‘బెట్టీ హులా’ అని షేర్ చేస్తున్నారు. సమోవా హవాయి కాదు, పసిఫిక్‌లోని వేరే దీవులు. లోటమురు సమోవా నర్తకి, ఆ ఆట ఆమెది. ఇకమీదట ఆ క్లిప్పు పెట్టేవాళ్లు బెట్టీ పేరు పక్కన లోటమురు పేరు కూడా రాయండి.